1,500 చదరపు అడుగుల ఫ్లాటు అంటే ఇంటి లోపల అంత చోటు ఉంటుందా?

ఉండదు, బిల్డర్లు సాధారణంగా చెప్పే ఆ అంకె సూపర్ బిల్టప్ ఏరియా, ఇంట్లో మీరు నిజంగా వాడుకునే చోటు కార్పెట్ ఏరియా. మొదటిదానిలో బయటి గోడలు, బాల్కనీతో పాటు మెట్లు, లిఫ్టు, కారిడార్లలో మీ వాటా కూడా కలుస్తుంది. ఆ వాటా అన్ని అపార్ట్‌మెంట్లలో ఒకేలా ఉండదు. కాబట్టి చెప్పిన అడుగు ధరను నేరుగా పోల్చి కొంటే నష్టపోయేది మీరే.

ఉదాహరణకు, 1,500 అడుగుల ఫ్లాటు అడుగు 6,000 రూపాయల చొప్పున 90 లక్షలు. పక్క వీధిలో 1,400 అడుగులది 6,200 చొప్పున 86.8 లక్షలు. రేటు చూస్తే మొదటిదే చవక. కానీ రెండింటి కార్పెట్ ఏరియా 1,050 అడుగులే అయితే, దాని మీద లెక్కకట్టిన ధర మొదటిదానికి సుమారు 8,571, రెండోదానికి 8,267. లోపల చోటు సమానం, మొదటిదానికి 3.2 లక్షలు అదనం!

కార్పెట్ ఏరియా అంటే గోడలన్నీ పోగా మిగిలిన నేల అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 2016 నాటి రెరా (స్థిరాస్తి రంగ నియంత్రణ) చట్టం ప్రకారం లోపలి అడ్డుగోడల మందం కూడా అందులో భాగమే. బయటి గోడలు, బాల్కనీ మాత్రం కలవవు. అందుకే గదిలో గోడ నుంచి గోడకు టేపు పట్టండి. మంచం వేశాక బీరువా తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో కొనకముందే తేల్చుకోండి.