మోడల్‌లో కనిపించని ట్యాపింగ్

ప్రశ్న: జీడిమెట్లలోని ఒక చిన్న వర్క్‌షాపులో మూడేళ్లుగా మిల్లింగ్ మెషిన్ నడుపుతున్నాను. ఇప్పుడు క్యామ్ ప్రోగ్రాములు, అంటే మెషిన్ ఎలా కోయాలో కంప్యూటర్‌లో సిద్ధం చేసే పని కూడా అప్పగించారు. కస్టమర్లు పంపే కొన్ని త్రీడీ మోడళ్లలో సాఫ్ట్‌వేర్ రంధ్రాలన్నింటినీ తనంతట తానే పట్టుకుంటుంది. మరికొన్నింటిలో కంటికి స్పష్టంగా కనిపిస్తున్నా ఒక్కదాన్నీ పట్టుకోదు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందుగా ఆ ఫైలు పేరు చివర ఏముందో చూడండి. ఎస్‌టీఎల్ అని ఉంటే, అందులో ఉన్నవన్నీ చిన్న చిన్న త్రిభుజాలే. మీ కంటికి గుండ్రంగా కనిపించేది నిజానికి పలకలు పలకలుగా ఉన్న గోడ. కస్టమర్‌ను అడిగి స్టెప్ ఫైలు తెప్పించుకోండి. అందులో ఇది స్తూపం, దీని అక్షం ఇక్కడ, వ్యాసార్థం ఇంత అని లెక్కగా రాసి ఉంటుంది.

స్తూపం దొరికితే రంధ్రం దొరికినట్టు కాదు. రోకలీ గుండ్రమే, రోటిలోని గుంతా గుండ్రమే. రోకలికి కర్ర లోపల ఉంటుంది, గుంతకు రాయి చుట్టూ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ చూసేదీ అదే: ఆ ముఖానికి, అంటే ఆ ఉపరితలానికి, ఏ పక్కన లోహం ఉంది, అది ఏ ముఖాలను ఎలా తాకుతోంది అని. ముఖాలను చుక్కలుగా, అంచులను గీతలుగా అల్లి, ఆ అల్లికలో పాకెట్లు (గుంతలు), స్లాట్లు (పొడవాటి గాడులు) వంటి ఆకారాలను వెతికే పద్ధతిని పరిశోధకులు జోషి, చాంగ్ 1988లో ప్రచురించారు. అయితే ఒక స్లాట్ రంధ్రాన్ని అడ్డంగా కోసిందంటే ఆ అల్లిక తెగిపోతుంది. కొన్ని స్టెప్ ఫైళ్లలో ఒకే రంధ్రం రెండు అర్ధ స్తూపాలుగా వస్తుంది. వాటిని ముందు కలిపి చూడని సాఫ్ట్‌వేర్‌కు రంధ్రం కనిపించదు.

ఇంతకంటే నన్ను ఎక్కువగా భయపెట్టేది, సాఫ్ట్‌వేర్ సరిగ్గా పట్టుకున్న రంధ్రం. బాలానగర్‌లో నేను పనిలో చేరిన కొత్తలో ఒక అల్యూమినియం ప్లేటు జాబు వచ్చింది. ఒక్కో ప్లేటుకు నాలుగు రంధ్రాలు, మోడల్‌లో వ్యాసం 6.8 మిల్లీమీటర్లు. సాఫ్ట్‌వేర్ నాలుగింటినీ గుర్తించింది, డ్రిల్లు వేసింది, ప్లేట్లు దించేశాం. అసెంబ్లీలో బోల్టు దిగలేదు. కాగితం డ్రాయింగులో ఎం8 అని, అంటే 8 మిల్లీమీటర్ల బోల్టుకు త్రెడ్ (మర) కావాలని ఉంది, మోడల్‌లో ఆ త్రెడ్ గీసి లేదు. ఒక్కో ప్లేటునూ మళ్లీ బిగించి, రంధ్రం లోపల త్రెడ్ కోసే ట్యాప్‌ను చేత్తో తిప్పాను. ఆ సాయంత్రం నా అరచేతులు బొబ్బలెక్కాయి. త్రెడ్‌ను మోడల్‌లో గీస్తే ఫైలు బరువెక్కుతుందని చాలామంది డిజైనర్లు నున్నటి స్తూపంగానే వదిలేస్తారు. ఏపీ242 రకం స్టెప్ ఫైలులో టాలరెన్సుల (కొలతలో ఎంత తేడా ఒప్పుకుంటారో చెప్పే హద్దుల) వంటి వివరాలు కూడా చేర్చవచ్చు, కానీ పంపేవారు వాటిని నింపాలి.

అందుకని ఈసారి మోడల్ తెరవగానే గుర్తించిన రంధ్రాలను వ్యాసాల వారీగా పేర్చండి. 5, 6.8, 8.5 కనిపిస్తే ఆగి డ్రాయింగు తీయండి. అవి ఎం6, ఎం8, ఎం10 ట్యాపులకు ముందు వేసే డ్రిల్లు కొలతలు. 8 కనిపించినా డ్రాయింగులో పక్కన హెచ్7 అని, అంటే వ్యాసం చాలా కచ్చితంగా ఉండాలనే గుర్తు, ఉందేమో చూడండి. ఉంటే డ్రిల్లు సరిపోదు, రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే రీమర్ కావాలి.