రాళ్ల మీద ఆ బుల్లి నత్తలేంటి?

ప్రశ్న: విశాఖ తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద, అలలు అందని ఎత్తులో కూడా శనగగింజంత నత్తలు పగుళ్లలో గుంపులుగా ఉన్నాయండీ. ఇవేంటి, చచ్చిపోయాయా?

జవాబు: బతికే ఉంటాయండి! తుంపరలు మాత్రమే పడే అంత ఎత్తులో ఉన్నాయంటే చాలావరకు పెరివింకిల్ జాతి నత్తలే. ఎండ ముదిరితే లోపలికి ముడుచుకుని మూత బిగించి, గుల్ల అంచుని జిగురుతో రాయికి అంటించేసుకుని ఒంట్లో తేమ పోకుండా అలాగే ఉండిపోతాయి, మళ్లీ తడి తగిలాక కదిలి రాయి మీది సన్నటి నాచుని గీరి తింటాయి. ఎంత ఓర్పో వాటికి! నెరిటా అనే మరో రకం నత్తలూ అక్కడే కింద రాళ్ల మీద ఉంటాయి కాబట్టి గుల్ల నోరు చూడండి. పెరివింకిల్‌కి గుండ్రంగా, మూత పలచగా గోధుమరంగులో ఉంటుంది. నెరిటాకి అర్ధచంద్రాకారం, మూత సున్నపుది, గట్టిది. చూశాక తీసిన పగులులోనే పెట్టేయండి, ప్లీజ్.