దవడ ఎముకకు ఆరు నెలలు, ఎఫ్‌డీకి ఐదు నెలలు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాకు 61 ఏళ్లు. ఆరేళ్ల కిందట కింది దవడలో ఎడమవైపు రెండు పళ్లు తీయించుకున్నాను. ఇప్పుడు ఇంప్లాంట్ల (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేళ్లు) కోసం విశాఖ వెళ్తే ఎముక కరిగిపోయింది, ముందు బోన్ గ్రాఫ్ట్ చెయ్యాలన్నారు. స్కాన్ 3,000, గ్రాఫ్ట్ 38,000, రెండు ఇంప్లాంట్లు 64,000, క్యాపులు 28,000. మొత్తం 1,33,000 రూపాయలు. క్లినిక్ వాళ్లే 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని నెల వాయిదాలు, ఇప్పిస్తామంటున్నారు. నా ఖాతాలో 50,000 ఉంది. 2 లక్షల ఎఫ్‌డీకి ఇంకా ఐదు నెలల గడువుంది. హెల్త్ పాలసీ లేదు. మావారు పింఛనుదారు, బ్రిడ్జి (పక్క పళ్లకు ఆనించి బిగించే కట్టుడు పళ్లు) చాలంటారు. ఎఫ్‌డీ తీసేయనా, గొలుసు తాకట్టు పెట్టనా, ఈఎంఐకి ఒప్పుకోనా?

జవాబు: మూడూ వద్దమ్మా. మీరు 1,33,000ను ఒకే అంకెగా చూసి టెన్షన్ పడుతున్నారు. ఆ డబ్బు ఒక్క రోజున కట్టాల్సింది కాదు.

పన్ను తీసేశాక నమిలే ఒత్తిడి అందక అక్కడి ఎముక అరుగుతుంది. ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే పోతుంది, అదీ బుగ్గవైపు పలచబడుతుంది. గ్రాఫ్ట్ అంటే ఆ లోటులో ఎముక పొడిలాంటి గుళికలు నింపి, పైన పలచటి పొర కప్పి, చిగురు కుట్టేయడం. ఆ గుళికల్ని ఆసరా చేసుకుని మీ ఎముకే మెల్లగా అల్లుకుంటుంది. దానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ తర్వాతే ఇంప్లాంట్. అది ఎముకలో పట్టుకోవడానికి ఇంకో మూడు నెలలైనా ఆగి, అప్పుడు క్యాపులు.

ఇప్పుడు మీ లెక్క చూడండి. ఈ నెల కావలసింది స్కాన్, గ్రాఫ్ట్ కలిపి 41,000. అది ఖాతాలో ఉంది. ఇంప్లాంట్ల వేళకు ఎఫ్‌డీ గడువు తీరుతుంది. 64,000, ఆపైన 28,000 అందులోంచి ఇచ్చినా 1,08,000 మిగులుతుంది, వడ్డీ అదనం. గడువుకు ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో ఒక శాతం దాకా కోస్తాయి. గొలుసు జోలికి వెళ్లాల్సిన పనే లేదు.

ఈఎంఐ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నెలకు దాదాపు 11,083 పడుతుంది. ఐదు నెలలకు 55,000 పైగా కట్టేసి ఉంటారు, నోట్లో జరిగిన పని మాత్రం 41,000దే. పైగా అప్పిచ్చిన కంపెనీ మొత్తం డబ్బు క్లినిక్‌కు ముందే ఇచ్చేస్తుంది. మధ్యలో చికిత్స ఆగినా మీ వాయిదాలు ఆగవు. మా మామగారు ఇలాగే ఒకచోట మొత్తం ముందే కట్టారు. గ్రాఫ్ట్ అయ్యాక డాక్టరు క్లినిక్ మారిపోయాడు. మిగిలిన డబ్బు వెనక్కి రావడానికి ఎనిమిది నెలలు తిరిగాం. అయినా నో కాస్ట్ అంటే ఏమిటో తేల్చుకోవాలనుంటే, నగదైతే ఎంత తగ్గిస్తారో అడగండి. ఆ తగ్గింపే మీ వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే.

కాబట్టి దశలవారీగా కడతానని చెప్పి కొటేషన్ కాగితం మీద రాయించుకోండి. గ్రాఫ్ట్ సరిగా పట్టకపోతే రెండోసారి ఖర్చు ఎవరిదో అందులో ఉండాలి. ఆ గుళికలు దేనివో కూడా అడగండి. పశువుల ఎముకతో చేసినవి బాగా వాడుకలో ఉన్నాయి, దాతల ఎముకవీ ఉన్నాయి, కృత్రిమంగా చేసిన కాల్షియం ఫాస్ఫేట్‌వీ ఉన్నాయి. మన ఇళ్లలో కొందరికి ఇది పట్టింపు. డబ్బు కట్టాక తెలిస్తే ఇంట్లో గొడవే. లోటు చిన్నదైతే గ్రాఫ్ట్, ఇంప్లాంట్ ఒకే రోజు చేస్తారు. మీ డాక్టరు స్కాన్ చూసి అలా చెబితే ఒక్కసారే 1,05,000 కావాలి. అప్పుడు ఎఫ్‌డీ మీదే లోన్ తీసుకోండి, వడ్డీ ఎఫ్‌డీ రేటు కన్నా ఒకటి రెండు శాతం మాత్రమే ఎక్కువ.

మీవారి మాట తీసిపారేయలేను. బ్రిడ్జి చవక, త్వరగా అవుతుంది. కాకపోతే అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీయాలి, కింద ఎముక అరగడం ఆగదు. అప్పు చేస్తే తప్ప కుదరని పరిస్థితైతే నేనూ బ్రిడ్జే అనేవాణ్ణి.

ఒకటి అడగక తప్పదు, ఏమీ అనుకోకండి. మన వైపు పెద్దవాళ్లలో చుట్ట, అడ్డపొగ (నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం), ఒడియా ఇళ్లలో గుడాకు (పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద) అలవాటు ఇంకా ఉంది. పొగ ఉన్నా, షుగర్ అదుపులో లేకపోయినా గ్రాఫ్ట్ చెడే ప్రమాదం పెరుగుతుంది. ముందు షుగర్ మూడు నెలల సగటు పరీక్ష చేయించుకోండి. అది సరిగా లేకుంటే 41,000 ఖాతాలోనే ఉంచి, మూడు నెలలు ఆగండి.

ఇప్పుడు పాలసీ తీసుకున్నా లాభం లేదు. ప్రమాదంలో దెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరితే తప్ప చాలా పాలసీలు పంటి ఖర్చు ఇవ్వవు. గుణుపురం రైల్లో విశాఖకు ఏడెనిమిది సార్లు తిరగాల్సి వస్తుంది, ఆ ఛార్జీలు పింఛన్లోంచి పక్కన పెట్టండి. మీవారు పాత ఆదాయపు పన్ను పద్ధతిలో ఉంటే, పాలసీ లేని 60 దాటిన భార్య వైద్యానికి పెట్టిన ఖర్చులో ఏడాదికి 50,000 దాకా మినహాయింపు అడగవచ్చు. నగదుగా ఇస్తే రాదు. ఆయన ఖాతా నుంచి యూపీఐలోనో చెక్కుతోనో కట్టి, బిల్లులు దాచమనండి. గ్రాఫ్ట్ మార్చిలోపు, ఇంప్లాంట్లు ఏప్రిల్ తర్వాత పడేలా తేదీలు కుదిరితే రెండు ఏళ్లలోనూ అడగవచ్చు.