చెక్క పాడిల్ స్టీమర్ మోడల్: కట్టడం పూర్తయ్యాక లైట్లు పెట్టొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మిసిసిపీ పాడిల్ స్టీమర్ (వెనక పెద్ద చక్రం తిప్పుతూ నడిచే ఆవిరి ఓడ) చెక్క కిట్ కొన్నారు, స్కేలు 1:80, అంటే అసలు ఓడలో 80వ వంతు. ఎలక్ట్రానిక్స్ పెద్దగా రాదు. ఓడ మొత్తం కట్టేశాక తీరిగ్గా లైట్లు బిగించొచ్చా, ఎన్ని పెట్టాలి, వెనక చక్రం మోటారుతో తిప్పొచ్చా అని.

కట్టేశాక కుదరదండీ. ఈ ఓడలు అంతస్తు మీద అంతస్తు. పై డెక్ అతికించాక కింది గదుల్లోకి వేలు కాదు కదా, ట్వీజర్ కూడా పోదు. నేను కట్టింది ఆర్టెసానియా లాటినా వాళ్ల ‘కింగ్ ఆఫ్ ది మిసిసిపీ’, అదీ 1:80 చెక్క కిట్టే. ఒక్కో డెక్ వేసే ముందే దాని కింది వైర్లు లాగి, ఒక రాత్రంతా వెలిగించి ఉంచి, అప్పుడే మూశాను. మీరూ అలాగే చేయండి. తొందరపడి మూస్తే ఆ తర్వాత ఏ బల్బు ఆరిపోయినా పగలగొట్టడం తప్ప దారి లేదు.

ఎన్ని అన్నదానికంటే ఎక్కడ అన్నది ముఖ్యం. మేముండేది అమెరికాలోని లూయివిల్‌లో. ఇక్కడి ఒహాయో నది మీద ‘బెల్ ఆఫ్ లూయివిల్’ అని 1914లో కట్టిన స్టీమర్ ఇంకా ఆవిరితోనే నడుస్తోంది. దాన్ని దగ్గర్నుంచి చూస్తే కిట్ కాగితాల్లో లేనివి చాలా తెలుస్తాయి. ఇలాంటి ఓడల్లో బాయిలర్లు ముందు వైపు ఉంటాయి, ఇంజన్లు వెనక చక్రం దగ్గర. కాబట్టి నిప్పు వెలుగు కోసం మిణుకు మిణుకుమనే నారింజ ఎల్‌ఈడీ పెట్టాలనుకుంటే దాని చోటు చక్రం పక్కన కాదు, కింది డెక్ ముందు భాగంలో, కొలిమి తలుపులు ముక్కు వైపు తెరుచుకునే చోట.

రాత్రి పూట ఓడ ఎడమ, కుడి పక్కలేవో ఎదుటివాళ్లకు చూపించే ఎరుపు, ఆకుపచ్చ దీపాలు కూడా అంతే. సముద్రపు ఓడల్లోలా పక్క గోడలకు కాదు, ఈ నదుల స్టీమర్లకు అవి పొగగొట్టాల మీదే ఉండేవి. ముందుకు చూస్తూ నిలబడితే ఎడమ గొట్టం బయటి వైపు ఎరుపు, కుడి గొట్టం బయటి వైపు ఆకుపచ్చ. ఇక అన్నిటికంటే పైన ఉండే పైలట్ గదిలో మాత్రం లైటు పెట్టకండి. చాలామంది మోడల్స్‌లో అదే అన్నిటికంటే ధగధగా వెలుగుతుంటుంది, నాకైతే చూడగానే చిరాకు. రాత్రి పూట పైలట్‌కు నది కనబడాలంటే తన చుట్టూ చీకటి ఉండాలి. మరీ చీకటి రాత్రుల్లో కింద కొలిమి వెలుగు పైకి రాకుండా టార్పాలిన్లు కూడా కప్పేవారు.

సైజు విషయానికొస్తే, షాపులో మామూలుగా ఇచ్చే 3 మి.మీ. ఎల్‌ఈడీ 1:80లో 24 సెంటీమీటర్ల దీపం అవుతుంది, అంటే ఫుట్‌బాల్ కంటే పెద్దది. గది లోపల కనబడకుండా దాచితే సరే. బయటికి కనబడే చోట 0603 అనే రకం అడగండి. పొడవు 1.6 మి.మీ., సన్నని రాగి తీగలు ముందే అతికించి దొరుకుతాయి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో వెతకండి, లేదా ఆన్‌లైన్‌లో. రంగు తప్పకుండా వామ్ వైట్, అంటే కాస్త పసుపు ఛాయ ఉన్న తెలుపు. తెల్లటి ట్యూబ్‌లైట్ వెలుగు పడిందంటే నూనె దీపాల కాలం ఓడ కాస్తా ఫంక్షన్ హాలు అయిపోతుంది.

లెక్క భయపడేంత లేదు. 5 వోల్టుల ఫోన్ ఛార్జర్ వాడండి. వామ్ వైట్ ఎల్‌ఈడీ సుమారు 3 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 2 వోల్టులు రెసిస్టర్ (కరెంటును అదుపులో ఉంచే చిన్న ముక్క) మీద పడాలి. 470 ఓమ్‌లు పెడితే దాదాపు 4 మిల్లీ ఆంపియర్లు, 1 కిలో ఓమ్ పెడితే 2. నాకు 1 కిలో ఓమే నచ్చింది, దీపంలా మెత్తగా ఉంటుంది. ఆకుపచ్చ ఎల్‌ఈడీలు మరీ గాఢంగా వెలుగుతాయి, వాటికి 4.7 నుంచి 10 కిలో ఓమ్‌ల దాకా పెట్టి చూసి తేల్చుకోండి. ప్రతి ఎల్‌ఈడీకీ దాని రెసిస్టర్ దానికే ఉండాలి. ఆ సన్నని తీగల మీద వార్నిష్ పూత ఉంటుంది కాబట్టి టంకం వెంటనే పట్టదు. బ్లేడుతో మెల్లగా గీకి, కొసకు ముందే కాస్త టంకం పట్టించి అప్పుడు కలపండి. పవర్ బ్యాంక్ మాత్రం వద్దు. ఇంత తక్కువ కరెంటు వాడితే ఏమీ తగిలించలేదనుకుని చాలా పవర్ బ్యాంకులు కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి.

పలచటి ప్లైవుడ్ గోడల గుండా వెలుగు బయటికి కనబడుతుంది, అతుకుల దగ్గర మరీనూ. గోడల లోపలి వైపు ముందు నలుపు, దాని మీద తెలుపు పెయింట్ వేయండి. నలుపు వెలుగును ఆపుతుంది, తెలుపు గదంతా పరుస్తుంది. ఎల్‌ఈడీని కిటికీ వైపు కాకుండా పైకప్పు వైపు తిప్పితే బల్బు చుక్కలా కనబడదు. కిటికీల వెనక ట్రేసింగ్ పేపర్ పెడితే గది ఖాళీగా ఉందన్న సంగతి కూడా తెలియదు. కిటికీలకు పారదర్శక ప్లాస్టిక్ వాడితే దాని దగ్గరికి సూపర్ గ్లూ రానివ్వకండి, ఆ ఆవిరికి ప్లాస్టిక్ తెల్లగా మసకబారుతుంది. మామూలు ఫెవికాల్ చాలు.

చక్రం తిప్పొచ్చు, కానీ నెమ్మదిగా. నిమిషానికి 15 చుట్లు తిరిగే చిన్న గేర్ మోటారు తీసుకోండి, ఫ్యాన్‌లా గిర్రున తిరిగితే బాగుండదు. చక్రానికి అటూ ఇటూ ఉండే క్రాంకులు (ఇంజన్ కడ్డీ తగిలి చక్రాన్ని తిప్పే చేతులు) ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో బిగించాలి. నిజం ఓడలో ఒక పక్క ఇంజన్ కడ్డీ తోయలేని స్థానంలో ఆగినా రెండో పక్కది తోసేలా అలా పెట్టేవారు. మోటారు కొనేటప్పుడు 12 వోల్టులది కాకుండా 5 వోల్టులతో నడిచేది అడగండి, లైట్ల ఛార్జరే దానికీ సరిపోతుంది. స్విచ్ మాత్రం విడిగా పెట్టుకోండి.