పోలవరం నిర్వాసితుల మీద పరిశోధన: కాలనీ నుంచి మొదలుపెట్టకండి

పునరావాస కాలనీలో వంద ఇళ్లు సర్వే చేసి డిసర్టేషన్ రాస్తే సరిపోతుందా, ఈ రంగంలో ఇప్పుడు ఏ పద్ధతులు నడుస్తున్నాయి అని అడిగారు. వంద ఇళ్లు చాలు. కాలనీ ఒక్కటే చాలదు.

తాడువాయి లాంటి కాలనీకి వెళ్తే కనిపించేది ఇల్లు తీసుకుని అక్కడే ఉంటున్నవాళ్లే. ఇల్లు రాక చుట్టాల ఊరికి పోయినవాళ్లు, తాళం వేసి పోడు కోసం వెనక్కి వెళ్లినవాళ్లు లెక్కలోకి రారు. బాగా దెబ్బతిన్నది వాళ్లే అయితే మీ ఫలితం మొత్తం తప్పుతుంది. అందుకని జాబితా పాత ఊరి నుంచి రాసుకోవాలి. అయిదారుగురు పెద్దవాళ్లను కూర్చోబెట్టి మునిగిన ఊరి పటాన్ని వీధి వీధీ గీయించండి. ప్రతి ఇంటికీ నంబరు వేసి, ‘ఇప్పుడెక్కడున్నారు?’ అని అడగండి. ఆడవాళ్లతో ఇదే పని విడిగా చేయించండి. ఒంటరి ఆడవాళ్ల ఇళ్లు మగవాళ్ల పటంలో తరచూ తప్పిపోతాయి. శాంపిల్ ఈ జాబితాలోంచే తీయండి, కనీసం 30 ఇళ్లు కాలనీ బయటివి ఉండాలి.

తర్వాతి చిక్కు ‘కుటుంబం’ అనే మాట. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పెళ్లయినా కాకపోయినా మేజరైన ప్రతి ఒక్కరూ వేరే కుటుంబం. వితంతువు, విడాకులు తీసుకున్న స్త్రీ, కుటుంబం వదిలేసిన స్త్రీ కూడా అంతే. కాబట్టి కలిసి వండుకుతినే ఒక పొయ్యి దగ్గర మూడు పీడీఎఫ్‌లు (ప్రాజెక్టు నిర్వాసిత కుటుంబాలు) ఉండొచ్చు. ప్రభుత్వం పెట్టిన కటాఫ్ తేదీ తర్వాత పద్దెనిమిది నిండిన పిల్లలు మాత్రం వేరే కుటుంబంగా లెక్కకు రారు. ప్రశ్నావళిలో పొయ్యికి ఒక నంబరు, పీడీఎఫ్‌కు వేరొక నంబరు పెట్టండి. రెండూ కలిపేస్తే ఇంటికి అందిన డబ్బు ఎంతో ఎప్పటికీ తేలదు.

సిద్ధాంతం కోసం చాలామంది సామాజిక శాస్త్రవేత్త మైకేల్ సెర్నియా చెప్పిన ఎనిమిది నష్టాలనే పట్టుకుంటారు: భూమి, పని, ఇల్లు పోవడం, సమాజంలో వెనక్కి నెట్టబడటం, తిండికి కటకట, జబ్బులు, ఉమ్మడి వనరులు పోవడం, బంధాలు చెదరడం. ఏదీ మరచిపోకుండా చూసుకోవడానికి అది మంచిదే. కాలం సంగతి మాత్రం అందులో తక్కువ. ఒకే ఇంటికి రెండు మూడుసార్లు, ఏళ్ల తేడాతో వెళ్లడం మీద ఇప్పుడు దృష్టి పెరిగింది. మీకు అంత గడువు లేకపోతే సంఘటనల క్యాలెండర్ వాడండి: 1986 వరద, 2014లో ముంపు మండలాలు ఆంధ్రలో కలవడం, నోట్ల రద్దు, 2020 లాక్‌డౌన్, 2022 జులై వరద. ‘అప్పుడు ఎక్కడున్నారు, ఏ పని చేసేవారు?’ అంటే జవాబు సరిగ్గా వస్తుంది. ‘ఎన్నేళ్ల క్రితం’ అంటే అందరూ పదేళ్లనే చెబుతారు.

కోయ, కొండరెడ్డి ఇళ్లలో నెల ఆదాయం అడిగి లాభం లేదు. ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు, వెదురు, చేపలు ఒక్కొక్కటీ ఏ నెలలో ఎంత వచ్చేవో, వాటిలో ఇప్పుడు వేటిని కొంటున్నారో అడగండి. పట్టా, పోడు, కౌలు మూడు వేర్వేరు గడుల్లో రాయండి. మిరప కోతల్లో, తునికాకు రోజుల్లో వెళ్తే పెద్దవాళ్లెవరూ ఇంట్లో దొరకరు.

ముంపు చూడటానికి సెంటినెల్-1 ఉపగ్రహం తీసే రాడార్ చిత్రాలు ఉచితం. జులై, ఆగస్టు మబ్బుల్లోనూ నీరు కనిపిస్తుంది. అయితే నాట్లకు నీళ్లు పెట్టిన వరిమడి కూడా ముంపులాగే నల్లగా వస్తుంది. ఏప్రిల్ చిత్రంతో పోల్చినా ఈ తప్పు పోదు, ఊరివాళ్ల చేత గుర్తు పెట్టించాల్సిందే. పోలవరం మొదటి దశ నీటిమట్టమైన 41.15 మీటర్ల కాంటూరు (సమాన ఎత్తు) గీతను మునిగే ఊళ్ల హద్దు అనుకోకండి. 2022లో భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటినప్పుడు ఆ గీత పైనున్న ఇళ్లలోకీ నీళ్లొచ్చాయి.

అధికారి జీపులో మాత్రం వెళ్లొద్దు. మొదటి మాటే ‘ఈ సర్వేతో ప్యాకేజీ రాదు, ఉన్నది పోదు’ అని తెలుగులోనూ కోయలోనూ చెప్పించండి. పేర్లు, ఫోన్లు ఒక ఫైలులో, జవాబులు ఇంకో ఫైలులో ఉంచండి. రాసింది సమర్పించే ముందు పట్టికలు ఊళ్లో చదివి వినిపించండి. పొయ్యిల లెక్కలో తప్పుంటే అక్కడే పట్టేస్తారు.