డిటాచ్డ్ గరాజ్ పెంచడానికి వేరియన్స్: న్యూజెర్సీలో మా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: సెంట్రల్ జెర్సీలో 1950ల నాటి ఇల్లు కొన్నారు. వెనక విడిగా ఉన్న ఒక కారు గరాజ్‌ని రెండు కార్లు పట్టేలా పెంచుదామంటే, ఎక్కడ ఎంత కట్టొచ్చో చూసే టౌన్‌షిప్ జోనింగ్ ఆఫీసర్ కుదరదని కాగితం ఇచ్చాడు. జోనింగ్ బోర్డుకి వెళ్తే వేరియన్స్ (రూల్ నుంచి మినహాయింపు) ఇస్తారా, లాయర్ కావాలా, పక్కింటివాళ్ళు అడ్డం తిరిగితే ఎలా అని అడిగారు. మాది మిడిల్‌సెక్స్ కౌంటీ. 2022లో మేమూ సరిగ్గా ఈ పని మీదే తిరిగాం. ఇచ్చారు, కానీ అడిగినంత ఇవ్వలేదు. అదీ ఒకసారి వెనక్కి పంపించాక.

ముందు ఆ కాగితం చూసి కంగారు పడకండి. కొలతలు కోడ్‌కి సరిపోకపోతే కాదనడమే జోనింగ్ ఆఫీసర్ పని. మినహాయింపు ఇచ్చే అధికారం ఆయనకి లేదు, జోనింగ్ బోర్డ్ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్‌కే ఉంది. మీ ప్లాన్ ఏయే రూల్స్ దగ్గర తప్పిందో ఆ కాగితంలో రాసి ఉంటుంది. మీ అప్లికేషన్ అంతా వాటి మీదే నడుస్తుంది కాబట్టి దాన్ని జాగ్రత్తగా దాచుకోండి.

మా లెక్కలు చెప్తాను, మీవి పక్కన పెట్టుకుని చూసుకోండి. స్థలం 60 అడుగుల వెడల్పు, 110 అడుగుల లోతు, అంటే 6600 చదరపు అడుగులు. పాత గరాజ్ 12 బై 20. దాని పక్క గోడకీ పక్కింటి హద్దుకీ మధ్య రెండున్నర అడుగులే ఉంది. ఇప్పటి రూల్ ప్రకారం 5 అడుగులు ఉండాలి. కట్టినప్పుడు ఆ రూల్ లేదు కాబట్టి పాతది అలాగే ఉండొచ్చు, పెంచాలంటేనే గొడవ. మేం 20 బై 24 అడిగాం. దాంతో మూడు చోట్ల రూల్ తప్పింది. పక్క సెట్‌బ్యాక్, అంటే హద్దు నుంచి వదలాల్సిన దూరం, ఒకటి. ఇలాంటి విడి కట్టడం 400 చదరపు అడుగులు దాటకూడదన్న మా టౌన్‌షిప్ పరిమితి రెండోది. మూడోది కవరేజ్. ఇల్లు, డ్రైవ్‌వే, ప్యాటియో, గరాజ్ అన్నీ కలిపి నీళ్ళు ఇంకని నేల 40 శాతం దాటకూడదు. మాకు అప్పటికే 39 ఉంది, కొత్త గరాజ్‌తో 42 దాటిపోయింది. ఈ అంకెలు ఊరిని బట్టి మారతాయి, మీ ఊరి ఆర్డినెన్స్ చూడండి.

ఇక మేం చేసిన మొదటి తప్పు. బోర్డు ముందు ఏం చెప్పాలో నేను రెండు పేజీలు రాసుకున్నాను. రెండు కార్లున్నాయి, జనవరిలో అద్దాల మీద మంచు గీకలేక చస్తున్నాం, అత్తయ్యగారు, మామయ్యగారు వస్తే ఆరు నెలలుంటారు, పిల్లల సైకిళ్ళు వానలో తుప్పు పడుతున్నాయి... మా ఆఫీసులో ఒకాయన వాళ్ళ ఊళ్ళో ఇలాంటి బోర్డులో కొన్నేళ్ళు మెంబరుగా ఉన్నాడు. లంచ్‌లో ఆయనకి చూపించాను. చదివి, కాగితం తిప్పి చూసి, “ఇందులో అంతా మీ గురించే ఉంది. మీ స్థలం గురించి ఏదీ?” అన్నాడు.

అసలు విషయం అదే. న్యూజెర్సీలో ఈ వ్యవహారమంతా 1975లో చేసిన మునిసిపల్ ల్యాండ్ యూజ్ లా ప్రకారం నడుస్తుంది. మనలాంటి వాళ్ళకి కావలసింది అందులోని సీ వేరియన్స్, అంటే కొలతల రూల్స్ నుంచి మినహాయింపు. దానికి రెండు దారులున్నాయి. ఒకటి హార్డ్‌షిప్. అంటే మన కష్టం కాదు, స్థలం కష్టం. ఇరుకుగా ఉందా, వంకరగా ఉందా, పల్లంలో ఉందా, చట్టప్రకారం ముందే కట్టి ఉన్న కట్టడం వల్ల ఇంకో దారి లేకుండా పోయిందా అని చూస్తారు. రెండోది, రూల్‌ని సడలిస్తే వచ్చే మేలు నష్టం కన్నా ఎక్కువని చూపించడం. ఆ మేలు మన ఒక్క ఇంటికే అయితే చాలదు, చుట్టుపక్కలకి కూడా ఏదో ఒకటి కనపడాలి. ఏ దారిలో వెళ్ళినా, ఇరుగుపొరుగుకి చెప్పుకోదగ్గ నష్టం లేదనీ, ఊరి జోనింగ్ ప్లాన్‌కి దెబ్బ తగలదనీ చూపించాల్సిందే. మామయ్యగారి ఆరు నెలల మకాం ఇందులో ఎక్కడా ఇమడదు!

ఆ రాత్రే మొత్తం కొట్టేసి మళ్ళీ రాశాను. ఇంటి మూల, డ్రైవ్‌వే ఎలా ఉన్నాయంటే కారు తిన్నగా వచ్చి పాత గరాజ్‌లోకే దూరుతుంది. గరాజ్‌ని రెండున్నర అడుగులు లోపలికి జరిపితే ఇంటి మూల అడ్డమొచ్చి కారు తిరగదు. అందుకని ఆ పక్క గోడని ఉన్నచోటే ఉంచి, పెరిగే వెడల్పంతా మా పెరటి వైపు వచ్చేలా గీయించాం. ఇది స్థలం గురించిన మాట. రెండో దారికి కూడా ఒకటి దొరికింది. రెండో కారు ఎప్పుడూ వీధిలోనే పార్క్ చేస్తాం, అది లోపలికొస్తే వీధి ఖాళీ అవుతుంది.

వాస్తు సంగతి ఎలాగూ మీకూ వస్తుంది కాబట్టి చెప్తున్నా. తెనాలి నుంచి మామయ్యగారు వీడియో కాల్‌లో ప్లాన్ చూసి, ఈశాన్యంలోకి పెంచొద్దన్నారు. హియరింగ్‌లో, అంటే బోర్డు మన కేసు వినే సమావేశంలో, “అటువైపు చోటుంది కదా, అటెందుకు పెంచరు?” అని తప్పకుండా అడుగుతారు, మమ్మల్నీ అడిగారు. వాస్తు అని చెప్తే రికార్డులో అది మీ ఇష్టం కిందికే వస్తుంది. మా అదృష్టం బాగుండి అటువైపు డ్రైనేజీ ఈజ్‌మెంట్ (నీళ్ళు పోవడానికి వదిలేయాల్సిన, ఏమీ కట్టకూడని చోటు) ఉంది, సర్వేలో గీత చూపించాం. మామయ్యగారు ఇప్పటికీ అది తన మాట వల్లే అనుకుంటారు, మేం కాదనలేదు.

పక్కింటివాళ్ళ విషయం మిగతా అన్నిటికన్నా ముఖ్యం. 200 అడుగుల లోపు ఆస్తి ఉన్న ప్రతి యజమానికీ హియరింగ్ నోటీసు వెళ్ళాలి. ఆ జాబితా టౌన్‌షిప్పే ఇస్తుంది. ఏడు రోజుల్లో ఇవ్వాలి, ఫీజు పేరుకి పావు డాలర్ లేదా 10 డాలర్లు, ఏది ఎక్కువైతే అది. మాకు 38 పేర్లొచ్చాయి. ఇప్పుడు అవతలివాళ్ళ వైపు నుంచి ఆలోచించండి. ఒకరోజు తలుపుకి పోస్టల్ స్లిప్ అంటించి ఉంటుంది, సంతకం పెట్టి తీసుకుంటే “మీ మాట బోర్డుకి వినిపించే హక్కు మీకుంది” అంటూ లీగల్ భాషలో ఉత్తరం. అప్పటిదాకా నవ్వుతూ చెయ్యూపిన మనిషి కూడా ఏదో కుట్ర జరుగుతోందనుకుంటాడు. అందుకే ఆ ఉత్తరం వెళ్ళకముందే మనం వెళ్ళాలి.

మా పక్కింటాయనకి డెబ్బై దాటాయి, ఒక్కరే ఉంటారు. డ్రాయింగ్ చుట్టి పట్టుకుని మా ఆయన, నేను వెళ్ళాం. ఎత్తు గురించి, నీడ పడటం గురించి అడుగుతారని సిద్ధమై వెళ్తే ఆయన వాటి జోలికే పోలేదు. మమ్మల్ని బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళి మా గరాజ్ వైపు గోడ చూపించారు. నేలకి జానెడు ఎత్తున గోడ పొడవునా ఉప్పు పూసినట్టు తెల్లటి చార. వాన పడినప్పుడల్లా మా గరాజ్ కప్పు మీది నీళ్ళన్నీ ఆ రెండున్నర అడుగుల సందులో పడి ఆయన గోడకి చేరుతున్నాయి. మేం ఆ ఇంట్లో దిగి నాలుగేళ్ళయింది, ఆయన ఒక్కసారి కూడా అనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. కొత్త గరాజ్‌కి గట్టర్ పెట్టి నీళ్ళన్నీ మా పెరట్లోకి మళ్ళిస్తామని అక్కడే చెప్పి, మర్నాడు డ్రాయింగ్‌లో ఎక్కించి మళ్ళీ తీసుకెళ్ళి చూపించాం.

అభ్యంతరం లేదని ఉత్తరం రాసిస్తానన్నారు. ఉత్తరాలు సాధారణంగా పనికిరావు. ప్రమాణం చేసి చెప్పినవాళ్ళని ఎదుటివాళ్ళు ప్రశ్నించే హక్కుంది, కాగితాన్ని ప్రశ్నించలేరు కదా. సంతకాల సేకరణ కూడా ఇంతే. మనిషే రావాలి. ఆయన వచ్చారు.

ఒక జాగ్రత్త. మనకి అలవాటు కొద్దీ, “గుళ్ళో కలిసే ఫలానావారికి బోర్డు మెంబరు తెలుసట, ఒక మాట చెప్పిద్దాం” అనిపిస్తుంది. మా ఆయనా అన్నారు. చచ్చినా ఆ పని చెయ్యకండి. కేసు గురించి మెంబర్లతో బయట మాట్లాడకూడదు. మాట్లాడితే ఆ మెంబరు మీ కేసు నుంచి తప్పుకోవాల్సి రావచ్చు, మీకున్న ఒక మంచి ఓటు పోతుంది. “కట్టేద్దాం, తర్వాత రెగ్యులరైజ్ చేయించుకుందాం” అన్న ఆలోచనా వద్దు. ఏపీలో బీపీఎస్ లాగా పెనాల్టీ కట్టి బయటపడే స్కీము ఇక్కడ రాదు. పని ఆపమని కాగితం అంటిస్తారు, కట్టింది పీకించొచ్చు కూడా.

ఇక మమ్మల్ని వెనక్కి పంపిన సంగతి. తప్పు నాదే. హియరింగ్‌కి కనీసం 10 రోజుల ముందు ఉత్తరాలు వెళ్ళాలి, ప్రకటన రావాలి. మా అప్పుడు అది పత్రికలో వేయించాలి. నేను ప్రకటన పేపర్‌వాళ్ళకి పంపిన రోజు నుంచి లెక్కేసుకున్నాను. అది అచ్చయిన రోజు నుంచి లెక్కేస్తే తొమ్మిదే రోజులు. హియరింగ్ రోజున సెలవు పెట్టి, ఫొటోలు ప్రింట్ చేయించి, అట్ట మీద అంటించుకుని వెళ్ళాం. బోర్డు లాయర్ మేం నోటీసులిచ్చినట్టు పెట్టిన అఫిడవిట్ చూసి, వేళ్ళ మీద లెక్కపెట్టి, నోటీసు సరిగ్గా లేదు కాబట్టి ఈ కేసు వినే అధికారమే బోర్డుకి లేదన్నాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది. తర్వాతి నెలకి మళ్ళీ 38 సర్టిఫైడ్ ఉత్తరాలు, మళ్ళీ ప్రకటన. ఒక విడత ఉత్తరాలకే 170 డాలర్ల దాకా అయ్యాయి. పక్కింటాయన రెండో స్లిప్ చేత్తో ఊపుతూ “నాకు ఉత్తరాలు రాసేది మీరొక్కరే” అన్నారు. ఇక్కడి పెద్ద పేపర్ స్టార్-లెడ్జర్ 2025 ఫిబ్రవరిలో అచ్చు ఆపేసింది, ప్రకటనల పద్ధతులు కూడా మారుతున్నాయి. కాబట్టి ఎక్కడ, ఎప్పుడు వేయాలో బోర్డు సెక్రటరీని ఈమెయిల్‌లో అడిగి ఆ జవాబు దాచుకోండి.

రెండోసారి హియరింగ్ నలభై నిమిషాలు సాగింది. ఏడుగురిలో ఆరుగురే వచ్చారు. సీ వేరియన్స్‌కి హాజరైనవాళ్ళలో మెజారిటీ చాలు. స్థలాన్ని వాడే తీరునే (యూజ్) మార్చే డీ వేరియన్స్‌కి అయితే ఐదు ఓట్లు తప్పనిసరి, అలాంటప్పుడు మెంబర్లు తగ్గితే వాయిదా అడగడమే మంచిది. వెనక వీధిలో ఉండే ఒకావిడ లేచి, ఇంత పెద్ద గరాజ్ కట్టి అద్దెకిస్తారా, వ్యాపారం పెడతారా అని అడిగింది. మా ఆయనకి కోపం వచ్చింది, మొహంలో తెలిసిపోయింది. నేను చెయ్యి నొక్కి, నీళ్ళ కనెక్షన్ లేదు, బాత్రూమ్ లేదు, పైన గది లేదు, ఇదే మాట షరతుగా రాసుకోండి అన్నాను. నిజానికి బోర్డుకి ఆ మాటే కావాలి. పక్కింటాయన లేచి, గట్టర్ కట్టిస్తున్నారు, నాకు అభ్యంతరం లేదు అని కూర్చున్నారు. ఆ ఒక్క వాక్యం మా ఫొటోలన్నిటికన్నా బాగా పనిచేసింది.

తర్వాత ఛైర్మన్ 24 అడుగుల లోతు ఎందుకన్నాడు. 22కి దిగుతాం, పెరట్లో 10 బై 16 కాంక్రీట్ ప్యాటియో కూడా పగలగొట్టేస్తాం అన్నాం. ఇది ముందే లెక్క వేసుకుని వెళ్ళాం. గరాజ్ 200 చదరపు అడుగులు పెరిగింది, ప్యాటియో 160 తగ్గింది, కవరేజ్ 39.6 శాతం దగ్గర ఆగింది. దాంతో మూడు వేరియన్స్‌లు రెండయ్యాయి. బేరం అక్కడ మొదలవుతుంది, కాబట్టి మీకు నిజంగా ఎంత చాలో ఇంట్లోనే తేల్చుకుని వెళ్ళండి. ఐదు ఓట్లు మాకు అనుకూలంగా, ఒకటి వ్యతిరేకంగా పడ్డాయి.

లాయర్ గురించి అడిగారు. ఇల్లు మీ సొంత పేరు మీద ఉంటే మీరే వాదించుకోవచ్చు, మేం అలాగే చేశాం. ఎల్ఎల్‌సీ లాంటి కంపెనీ పేరు మీద ఉంటే లాయర్ తప్పదు. పక్కింటివాళ్ళు లాయర్ని తెచ్చుకుంటున్నారని తెలిస్తే మీరూ పెట్టుకోండి. అప్లికేషన్ ఫీజు కాక ఎస్క్రో అని వేరే డబ్బు కట్టాలి. బోర్డు తరఫు ఇంజినీరు, లాయర్ మీ ఫైలు చదివిన గంటలకి అందులోంచి బిల్లు చేస్తారు. అయిపోతే మళ్ళీ కట్టమంటారు, మిగిలితే అడిగి వెనక్కి తీసుకోండి.

ఓటు పడగానే కాంట్రాక్టర్‌కి ఫోన్ చెయ్యకండి. తీర్మానం రాతపూర్వకంగా 45 రోజుల్లో ఆమోదించాలి, తర్వాత దాని ప్రకటన వెలువడాలి, అక్కణ్ణుంచి ఇంకో 45 రోజులు ఎవరైనా కోర్టుకి వెళ్ళొచ్చు. ఈలోగా కట్టుకుంటే రిస్కు మీదే. మేం ఆగాం, చలికాలం వచ్చేసింది, పునాది వసంతంలో తవ్వాం.

కాంట్రాక్టర్ మాటల్లో ఒకటి మాత్రం వినొద్దు. “ఈ పాత గోడల్తో ఎందుకు, మొత్తం కొట్టేసి కొత్తది కడితే చవక” అంటాడు. చవకే. కానీ రెండున్నర అడుగుల దగ్గర ఉండే హక్కు ఆ పాత కట్టడానిది. పూర్తిగా పడగొడితే ఆ హక్కు పోతుంది. బోర్డు ఇచ్చింది పాతదాన్ని పెంచడానికైతే, కొత్తగా కట్టడానికి అది పనికిరాదు. న్యూజెర్సీలోనే సీసైడ్ పార్క్ అనే ఊళ్ళో ఒకాయన తన పాత ఇంటి గోడల్లో చాలావరకు తీసేసి ఇలాగే ఇరుక్కున్నాడు, 2013లో అప్పీల్ కోర్టు కూడా ఆయనకి అనుకూలంగా చెప్పలేదు. గోడ నిజంగానే పుచ్చిపోయి ఉంటే ఆ మాట ముందే అప్లికేషన్‌లో రాసి, పడగొట్టి కట్టడానికే అనుమతి అడగండి.

మీ సర్వేలో గరాజ్ వెనక కంచె దగ్గర ఈజ్‌మెంట్ గీత ఏదైనా ఉందా? మీ జోనింగ్ ఆఫీసర్ కాగితంలో ఎన్ని వేరియన్స్‌లు రాశాడు? ఆ రెండూ ఇక్కడ పెడితే, ఏది వదులుకుంటే మీకు తేలికో చూసి చెప్తాను.