కావలి శ్లాబు ముందు, మిన్నెసోటా వాకిలి తరువాత

ప్రశ్న: నేను కావలిలో ఉంటాను. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో పనిచేసి రిటైరయ్యాను. నెలకు 41 వేల పింఛను వస్తుంది. రిటైరయినప్పుడు చేతికొచ్చిన డబ్బులో 15 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేసి 20 నెలలయింది. బ్యాంకులో 2 లక్షల చొప్పున మూడు డిపాజిట్లు ఉన్నాయి. మా అబ్బాయి అమెరికాలోని మిన్నెసోటాలో మూడేళ్ళ కిందట ఒక పాత ఇల్లు కొన్నాడు. ఇంటి ముందు కార్లు నిలిపే 20 అడుగులకు 40 అడుగుల కాంక్రీటు వాకిలి చలికి పగిలిపోయిందనీ, తవ్వి తీసి కొత్తది పోయడానికి 13 వేల డాలర్లు అడుగుతున్నారనీ కోడలు ఫోనులో చెప్పింది. అబ్బాయి నోరు తెరిచి అడగలేదు. పోస్టాఫీసు డబ్బు తీసి పంపుదామని నేను, వద్దని నా భార్య. 1994లో కట్టిన మా ఇంటి శ్లాబు కూడా వంటింట్లో పెచ్చులూడుతోంది. మరమ్మతుకు 2 లక్షల 20 వేలవుతుందని మేస్త్రీ అన్నాడు. అది వచ్చే ఏడాది చూసుకోవచ్చా? అమ్మాయి నెల్లూరులో ఉంటుంది. రెండు ఇళ్ళ ఫొటోలూ పంపుతున్నాను.

జవాబు: మాస్టారూ, ఈ విషయంలో మీ శ్రీమతి మాటే నా మాట. పోస్టాఫీసు డబ్బు కదపకండి. వచ్చే ఏడాదికి వాయిదా వేయదగ్గది మీ శ్లాబు కాదు, మీ అబ్బాయి వాకిలి.

ముందు లెక్క చూద్దాం. మీ పథకంలో కొంత తీసి కొంత ఉంచడం కుదరదు. తీయాలంటే ఖాతా మొత్తం మూసేయాలి. ఏడాది దాటి రెండేళ్ళు నిండకుండా మూస్తే అసలులో ఒకటిన్నర శాతం కోస్తారు. అంటే మీకు 22,500 పోతుంది. అది ఒక్కసారి పోయేది, సర్దుకోవచ్చు. అసలు నష్టం వేరే ఉంది. డాలరుకు 90 రూపాయలు వేసుకున్నా 13 వేల డాలర్లంటే 11 లక్షల 70 వేలు. మీకు వస్తున్న 8.2 శాతం వడ్డీ ప్రకారం ఆ సొమ్ము మీద ఏడాదికి దాదాపు 96 వేలు, అంటే నెలకు 8 వేలు ఆగిపోతుంది. ఇప్పుడు మూడు నెలలకోసారి 30,750 రూపాయలు వచ్చి పడుతున్నాయి కాబట్టి మీకు పింఛను చాలుతున్నట్టు అనిపిస్తోంది. మందుల ఖర్చు పెరిగే వయసులో ఆ ఊతాన్ని ఒక కాంక్రీటు పలక కోసం వదులుకోవడం నాకు సబబుగా తోచడం లేదు.

ఇక మీ వంటింటి ఫొటో. దాన్ని పెద్దది చేసి చూశాను. పెచ్చు ఊడిన చోట రెండు కమ్మీలు బయటపడ్డాయి. తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. సరిగ్గా ఆ కిందే గ్యాసు పొయ్యి. సముద్రం దగ్గరి ఊళ్ళలో గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి కమ్మీని తినేస్తుంది. కట్టేటప్పుడు ఉప్పు బోరు నీళ్ళు కలిపి ఉంటే రోగం లోపలి నుంచే మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న సిమెంటును తోసి పడేస్తుంది. సముద్రపు గాలి నేరుగా తగిలే కట్టడంలో కమ్మీ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే కమ్మీని కప్పే కాంక్రీటు, ఉండాలని కాంక్రీటు కట్టడాలకు మన దేశం పెట్టుకున్న ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. పొడి ఊళ్ళలో 20 చాలు. ముప్పయ్యేళ్ళ కిందట మన వైపు ఇళ్ళకు ఆ తేడా పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

ఇది ఆగే పని కాదు. కమ్మీ సన్నబడేకొద్దీ 2 లక్షల 20 వేల మరమ్మతు శ్లాబు తీసి మళ్ళీ వేసేదాకా పోతుంది. అయితే మేస్త్రీ ఆ డబ్బుకు ఏం చేస్తానన్నాడో మాత్రం అడగండి. ఊడిన చోట సిమెంటు మెత్తి సున్నం కొట్టేస్తే రెండు వానాకాలాలు కూడా నిలవదు. వదులుగా ఉన్నదంతా కమ్మీ వెనక దాకా కొట్టేయాలి. తుప్పు గీకి, తుప్పు పట్టకుండా పూత వేయాలి. సన్నబడిన చోట కొత్త కమ్మీ జతచేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపాలి. మిద్దె మీద నీళ్ళు ఇంకకుండా కూడా చూడాలి. ముందుగా ఒక సివిల్ ఇంజనీరుకు ఫీజు ఇచ్చి చూపించండి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి వినాయక చవితి నాటికి పని ముగిసేలా చూసుకోండి. డబ్బు బ్యాంకు డిపాజిట్లలోంచి తీయండి. గడువు దగ్గరపడినది ఒకటి మూసేసి, తక్కువపడిన 20 వేలు పింఛనులోంచి సర్దండి. మిగిలిన 4 లక్షలు ఆసుపత్రి అవసరానికి ఉంటాయి.

ఇక మిన్నెసోటా సంగతి. అక్కడ ఇనుముతో కాదు, నీటితో తంటా. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. కాంక్రీటు సందుల్లో ఇంకిన నీరు చలికాలమంతా గడ్డకట్టడం, కరగడం, మళ్ళీ గడ్డకట్టడం. దానికి తోడు మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కారు చక్రాలకు అంటుకుని వాకిట్లోకి వస్తుంది. అందుకే అక్కడ ఆరుబయట పోసే కాంక్రీటులో కావాలని కంటికి కనిపించనంత చిన్న గాలి బుడగలు, దాదాపు 6 శాతం, ఉండేలా మందు కలుపుతారు. ఉబ్బే నీటికి అవి చోటిస్తాయి. కాంక్రీటులో గాలి మిగలకూడదని వైబ్రేటరు పెట్టే మన మేస్త్రీలకు ఈ మాట చెబితే నవ్వుతారు.

ఆ ఫొటో కూడా పట్టి చూశాను. గ్యారేజీ ముందున్న పలక ఒక పక్కకు కుంగింది. చూరు నీళ్ళు దించే గొట్టం నోరు సరిగ్గా ఆ మూలనే తెరుచుకుని ఉంది. కింది మట్టి నాని, గడ్డకట్టి, జారిపోయి ఉంటుందని నా అనుమానం. ఆ గొట్టాన్ని పక్కకు మళ్ళించకుండా 13 వేల డాలర్లు పోసినా కొత్త పలక కూడా అదే దారి పడుతుంది. మళ్ళింపుకు అయ్యే ఖర్చు ఏపాటిది? పలక పగలకుండా కేవలం కుంగితే, కింద మిశ్రమం ఎక్కించి పైకి లేపే పద్ధతి అక్కడ ఉంది. కొత్తది పోయడం కంటే చాలా తక్కువలో అయిపోతుంది. ముక్కలుగా పగిలినవాటికి అది పనికిరాదు. పైపైన పలుచటి పొర వేస్తామన్నవాళ్ళను మాత్రం నమ్మవద్దనండి. కింది పునాది చెడ్డప్పుడు ఆ పొర లేచిపోతుంది.

పూర్తిగా మార్చక తప్పదని తేలితే కనీసం మూడు కొటేషన్లు తీసుకోమనండి. మొత్తం అంకె ఒక్కటే చూడకుండా, పాతది తీసి పారబోయడానికి ఎంత, కింద కంకర ఎన్ని అంగుళాలు, కాంక్రీటు మందమెంత అని విడివిడిగా రాయించుకోవాలి. మీరు రాసిన కొలత 20 అడుగులకు 40, అంటే 800 చదరపు అడుగులు. 4 అంగుళాల మందానికి 10 ఘన గజాల కాంక్రీటు చాలు. 5 అంగుళాలకు పన్నెండున్నర. గజానికి 200 డాలర్లు వేసుకున్నా తేడా 500 డాలర్లే. ఖర్చంతా తవ్వకం, కూలి, పునాదిలో ఉంది కాబట్టి మందం దగ్గర పొదుపు చేయడం తెలివైన పని కాదు. పగులు ఎటుపడితే అటు పోకుండా పలక మీద ఎనిమిది పది అడుగులకొక కోత ఉండాలి. ఆ కోత లోతు మందంలో నాలుగో వంతు. గాలి బుడగల కాంక్రీటు అన్న మాట కాగితం మీద ఉండాలి.

తొందర అసలు వద్దు. చలి 40 ఫారన్‌హీట్ డిగ్రీలకు, అంటే మన లెక్కలో 4 డిగ్రీలకు దిగాక పోస్తే ప్రత్యేక జాగ్రత్తలు కావాలి, ఖర్చు పెరుగుతుంది. గడ్డకట్టిన నేల మీద పోయనే కూడదు. పని లేని చలికాలంలో బేరమాడి, వసంతం ముదిరాక పోయించుకోవడం మేలు. పోశాక వారం దాకా కారు ఎక్కించకూడదు. మొదటి చలికాలం ఉప్పు చల్లకుండా ఇసుక చల్లుకోవాలి. అన్నట్టు, ఇంటి బీమా మీద ఆశ పెట్టుకోవద్దనండి. చలికి, వాడకానికి అరిగినదానికి అది సాధారణంగా ఇవ్వదు.

డబ్బు సంగతి అబ్బాయినే తేల్చుకోనివ్వండి. సంపాదించే వయసులో ఉన్నాడు, డాలర్లలో జీతం. ఏడాది ఆగి నెలనెలా పక్కన పెట్టుకోవచ్చు. లేదా ఇంటి విలువ మీద అప్పు తీసుకోవచ్చు. క్రెడిట్ కార్డు మాత్రం వద్దు, అక్కడ వడ్డీ 20 శాతం దాటుతుంది. కాంట్రాక్టరు 'ఏడాది వడ్డీ లేదు' అంటే చిన్న అక్షరాలు చదవమనండి. అలాంటి కొన్ని పథకాల్లో గడువులోగా పైసాతో సహా తీర్చకపోతే మొదటి రోజు నుంచి వడ్డీ లెక్కగడతారు. చివరి వాయిదా ఇచ్చే ముందు కాంక్రీటు కంపెనీ నుంచి తమకు బాకీ లేదన్న పత్రం తీసుకోవాలి. కాంట్రాక్టరు ఆ కంపెనీకి డబ్బు ఎగ్గొడితే, అది మీ అబ్బాయి ఇంటి మీదే హక్కు కోరగలదు.

ఇంత చెప్పినా మీ మనసు ఊరుకోదని తెలుసు. పంపాలనే ఉంటే అసలు ముట్టకుండా రెండు త్రైమాసికాల వడ్డీ 61,500 పంపండి. ఆ గొట్టం మళ్ళింపుకు, పలక లేపే పనికి అది ఆసరా అవుతుంది. బ్యాంకులో పాన్ ఇచ్చి, విదేశాలకు డబ్బు పంపడానికి ఇచ్చే ఎ2 ఫారం నింపితే చాలు. కొడుకుకు ఇచ్చే కానుక మీద ఇక్కడ అతనికి పన్ను లేదు. అక్కడ కూడా విదేశాల నుంచి వచ్చే కానుక ఏడాదిలో లక్ష డాలర్లు దాటితేనే వివరం దాఖలు చేయాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల వరకు పంపేదానికి ముందస్తు పన్ను కోత ఉండదు. అది దాటిన భాగం మీద 20 శాతం పట్టుకుంటారు. మీరనుకున్నట్టు మొత్తం ఒకేసారి పంపితే 34 వేలు అలా ఇరుక్కుని, రిటర్ను వేశాక గానీ తిరిగి రావు.

పంపే ముందు నెల్లూరులోని అమ్మాయికి చెప్పండి. ఎంత పంపుతున్నారో, ఎందుకో. రేపు ఆస్తి మాట వచ్చిన రోజు ఆమె ఈ సంగతి మరొకరి నోట వినకూడదు.